మా ఇంట్లో ప్రార్థన అమ్మే చేసేది

మా నాన్నకు నత్తి. ఏదో ఒకటి రెండు అక్షరాల దగ్గర తడబడే నత్తి కాదు. "నీళ్లు" అనే మాట ఆయన నోట్లోంచి బయటికొచ్చేలోపు అమ్మ కుండలో చెంబు ముంచి తెచ్చి ముందు పెట్టగలదు. కానీ పెట్టేది కాదు. ఆయన మాట పూర్తయ్యేదాకా అక్కడే నిలబడేది. పూర్తయ్యాకే కుండ దగ్గరికి వెళ్లేది. నాకూ చెల్లికీ ఊహ తెలిశాక అమ్మ నేర్పిన మొదటి పద్ధతి అదే. నాన్న మాట్లాడుతుంటే మధ్యలో అందుకోకూడదు. ఆయన ఏం చెప్పబోతున్నాడో తెలిసినా సరే, ఆగాలి. ఒకసారి చెల్లి తొందరపడి ఆయన మాట తనే పూర్తిచేసింది. అమ్మ దాని నెత్తిమీద ఒక్కటి మొట్టి, "ఆయన మాట నీకెందుకే? ఆయన చెప్పుకోలేడా?" అంది.

పాట పాడితే మాత్రం నాన్నకు నత్తి లేదు. ఎందుకో మాకు తెలియదు. కీర్తన ఎత్తుకున్నాడంటే గొంతు గనిలో నీటి ఊటలా ఆగకుండా వచ్చేది. చదువు రాదు కాబట్టి విన్నవే పాడేవాడు. చరణాలన్నీ నోటికి వచ్చు.

మాది గురజాలకూ మాచర్లకూ మధ్య ఒక ఊరు. ఊరికి తూర్పున మా పేట. పేటలో అందరం క్రైస్తవులమే. మగవాళ్లు చానామంది నాపరాయి గనుల్లో బండలు తీసేవాళ్లు, ఆడవాళ్లు మిరపచేలకూ పత్తిచేలకూ కూలికి వెళ్లేవాళ్లు. నాన్న కూడా గని మనిషే. సాగర్ దగ్గర డ్యాం కడుతున్నారనీ, అది పూర్తయితే మా మెట్టచేలకు కాలవ నీళ్లు వస్తాయనీ అందరూ చెప్పుకుంటున్న రోజులవి. నాకప్పుడు పన్నెండేళ్లు.

పొద్దుగూకగానే ప్రార్థన. జొన్నన్నం పొయ్యి దింపి, బుడ్డి దీపం వెలిగించి, నలుగురం చాప మీద కూర్చునేవాళ్లం. నాన్న పాట పాడేవాడు. అమ్మ వాక్యం చదివి ప్రార్థన చేసేది. ఆమె మిషన్ బోర్డింగులో నాలుగో తరగతిదాకా చదువుకుంది. మేం చర్చిని గుడి అనే అనేవాళ్లం. అమ్మ ప్రార్థన గుడిలో పంతులుగారి ప్రార్థనలా ఉండేది కాదు. పెద్ద పెద్ద మాటలుండవు. ఎదురుగా కూర్చున్న మనిషికి చెప్పినట్టు చెప్పేది. "గనిలో ఇవాళ పెళ్ల విరిగి ఆయన కాలి పక్కన పడింది, నువ్వు చూశావు, సంతోషం. మిరపకు తెగులు పట్టింది, అది కూడా చూడు." మధ్యలో ఆగి, కళ్లు తెరిచి, "ఆ గని బండి ఎద్దు గిట్ట నయమైందా?" అని నాన్నను అడిగి, మళ్లీ కళ్లు మూసుకునేది.

ఈ ఏర్పాటు ఎలా మొదలైందో అమ్మ తర్వాత చెప్పింది. పెళ్లయిన కొత్తలో ఉమ్మడింట్లో ఉన్నప్పుడు ఒక సాయంత్రం తాతయ్య కొత్త పెళ్లికొడుకును ప్రార్థన చెయ్యమన్నాడట. నాన్న "ప్రభువా" అనే మాట దగ్గరే చిక్కుకుపోయాడు. మా పెదనాన్న, అంటే నాన్న అన్న, నవ్వు ఆపుకోలేక "ఆమెన్" అనేశాడు. అందరూ ఆమెన్ అని లేచిపోయారు. నాన్న మాత్రం కళ్లు మూసుకుని అక్కడే కూర్చున్నాడు. పక్కన అమ్మ ఒక్కతే ఉంది. ఎంతసేపటికో ఆయన ఆ ప్రార్థన పూర్తిచేసి లేచాడట. వేరు పడిన రోజు సాయంత్రం, "పాట నాది, ప్రా… ప్రార్థన నీది" అన్నాడు. అంతే. దాని మీద మా ఇంట్లో ఏనాడూ చర్చ జరగలేదు.

అలాగని ఇంటి భక్తి అమ్మ మీదే వదిలేశాడనుకోవద్దు. ఒకరోజు ఆయన ఉలి కనపడలేదు. నేను ఆడుకుంటూ పారేశానని చెంప మీద కొట్టాడు. నేను తియ్యలేదని ఎంత చెప్పినా వినలేదు. సాయంత్రం గనిలో కట్టెల మోపు కింద దొరికిందని ఎవరో తెచ్చిచ్చారు. ప్రార్థనకు కూర్చున్నాం. నాన్న పాట ఎత్తుకోలేదు. నా వైపు తిరిగి, "త… త… తప్పు…" అంటూ ఆగిపోయాడు. మెడనరాలు ఉబ్బాయి. అమ్మ కదల్లేదు. చెల్లి కదల్లేదు. నాకు ఏడుపొస్తోంది, చెప్పొద్దులే నాన్నా అనాలని ఉంది, కానీ అందుకోకూడదు. చివరికి "తప్పు నాది" అన్నాడు. అప్పుడు పాట మొదలుపెట్టాడు. కూతురికి తప్పు ఒప్పుకున్న తండ్రిని మా పేటలో నేను ఇంకెక్కడా చూడలేదు. ఒప్పుకోవాల్సిన పనులు చేసినవాళ్లను చానామందిని చూశాను.

ఆ ఏడు మా గుడికి కొత్త పంతులుగారు వచ్చారు. వయసులో చిన్నవాడు, పట్టుదల మనిషి. ఆదివారం ప్రసంగం చేసేవారు, మిగతా రోజుల్లో పిల్లలకు చదువు చెప్పేవారు. సంస్కారపు రొట్టె, ద్రాక్షరసం ఇవ్వడానికి మాత్రం నెలకోసారి మాచర్ల నుంచి పాస్టరు అయ్యగారు వచ్చేవారు. కొత్త పంతులుగారు ఇల్లిల్లూ తిరిగి కుటుంబ ప్రార్థన ఎలా జరుగుతోందో చూడాలనుకున్నారు. వెంట సంఘ పెద్దగా మా పెదనాన్న.

మా ఇంటికొచ్చిన సాయంత్రం నాన్న పాట పాడాడు. పంతులుగారు తల ఊపుతూ విన్నారు. పాటయ్యాక నాన్నను చూసి, "కానివ్వయ్యా, ప్రార్థన చెయ్యి" అన్నారు.

"ఆ… ఆమె చేసిద్ది" అన్నాడు నాన్న.

"రోజూ ఆవిడేనా?"

"రోజూ."

పంతులుగారు పెదనాన్న వైపు చూశారు. పెదనాన్న మొహం కందగడ్డలా అయింది. "మా పరువు తీస్తన్నావురా నువ్వు. ఇంట్లో మగోడివి ఉండి ఆడదాని చేత ప్రార్థన చేయించుకునేదేందిరా?" అన్నాడు.

ఇంటికి శిరస్సు పురుషుడేననీ, వాక్యంలో ఉన్న క్రమాన్ని మార్చడానికి మనమెవరమనీ పంతులుగారు నెమ్మదిగానే చెప్పారు. అమ్మ తలమీది కొంగు సర్దుకుని ఒక్క మాట అంది.

"నోరు తిరగని ప్రవక్త ఒకాయన ఉన్నాడు గదా పంతులుగారూ. ఆయన పక్కన మాట్టాడ్డానికి ఇంకో మనిషిని దేవుడే పెట్టాడు. వాక్యంలో అది కూడా ఉంది."

"ఆ ఇంకో మనిషి మగవాడమ్మా" అన్నారు పంతులుగారు.

నాన్నకు ఆ పోలిక నచ్చలేదు. "నే… నేను ప్రవక్తను కాదు. బం… బండలు కొట్టేవాణ్ణి" అన్నాడు. చెల్లి పకపకా నవ్వింది. అమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వుకు పెదనాన్నకు ఇంకా మండింది.

ఆ సాయంత్రమే తీర్పు అయిపోయింది. నాన్న ప్రార్థన చెయ్యలేడు, ఇంట్లో మగపిల్లాడు లేడు, కాబట్టి ఇకనుంచి ఇంటి పెద్దన్నగా పెదనాన్నే రోజూ వచ్చి మా ఇంట్లో ప్రార్థన నడిపిస్తాడు.

వచ్చాడు. వరసగా నాలుగు సాయంత్రాలు వచ్చాడు. మేం చాప మీద, ఆయన నులకమంచం మీద. కళ్లు మూసుకుని గొంతెత్తేవాడు. అది దేవుడితో మాట్లాడినట్టు ఉండేది కాదు. "ప్రభువా, ఈ ఇంటి ఆడదానికి అణకువ నేర్పు. నా తమ్ముడికి కాస్త సిగ్గు ఇవ్వు" అని మమ్మల్ని తిట్టడానికి దేవుణ్ణి మధ్యలో కూర్చోబెట్టేవాడు. అమ్మ చేతులు కట్టుకుని కళ్లు తెరుచుకునే కూర్చునేది. ఆయన ఆమెన్ అంటే ఆమె అనేది కాదు. మూడో రోజున నేనూ అనలేదు.

ఐదో సాయంత్రం పెదనాన్న వచ్చేసరికి నాన్న గడపలో నిలబడి ఉన్నాడు. గని నుంచి వచ్చి ఇంకా కాళ్లు కూడా కడుక్కోలేదు. ఒళ్లంతా రాతిపొడి.

"అ… అన్నా. అన్నం తింటానికి రా. ఎ… ఎప్పుడన్నా రా. ప్రార్థన చెయ్యడానికి రా… రావద్దు."

"ఏందిరా? అడ్డం లే."

నాన్న తప్పుకోలేదు. అరుగుల మీద నుంచి జనం చూస్తున్నారు. పెదనాన్న భుజం మీద తుండుగుడ్డ విదిలించి, "ఆదివారం గుళ్లో తేల్చుకుందాం" అని వెళ్లిపోయాడు. నాన్న లోపలికొచ్చి కాళ్లు కడుక్కున్నాడు. పాట పాడాడు. అమ్మ ప్రార్థన చేసింది. ఆ రోజు పెదనాన్న పేరు చెప్పి, ఆయన మోకాళ్ల నొప్పులు తగ్గించమని అడిగింది. నాకు కోపం వచ్చింది. "ఆయన కోసం ఎందుకే అమ్మా?" అన్నాను. "నొప్పి నిజమేగదే" అంది.

ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరూ లేవలేదు. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లం ఒక పక్క. పెదనాన్న లేచి చెప్పాల్సింది చెప్పాడు. తన తమ్ముడు పెళ్లాం మాట విని సంఘాన్ని ధిక్కరించాడన్నాడు. పంతులుగారు నాన్నను లేపి, "నువ్వేమంటావు?" అని అడిగారు.

నాన్న లేచి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. వెనక ఎవరో కుర్రకారు కిసుక్కుమన్నారు. "ఇం… ఇం…" అన్నాడు నాన్న.

"ఇంటికి పోతానంటన్నాడు" అన్నారెవరో. నవ్వులు.

"ఇం… ఇంటి…"

"ఇంటి పెత్తనం పెళ్లానికిచ్చానంటన్నాడు" అన్నాడు పెదనాన్న. ఇంకా నవ్వులు.

నేను ఎప్పుడు లేచానో నాకు తెలియదు. ఆడవాళ్ల మధ్య నిలబడి ఉన్నాను. "ఆయన మాట ఆయన్ను చెప్పనీండి! మీరెందుకు అందుకుంటారు?" అని అరిచాను. గుడిలో ఆడపిల్ల గొంతు లేవడం అదే మొదలు. పక్కావిడ నా పావడా పట్టుకు లాగింది. అమ్మ ఆమె చెయ్యి తీసి పక్కన పెట్టింది. నేను అలాగే నిలబడ్డాను.

నాన్న మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి ఎవరూ అందుకోలేదు. ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ఆయన అన్నది ఇంతే.

"ఇంటి పెద్దను నేనేనా, పంతులుగారూ?"

"నువ్వే."

"ఇంట్లో నా మాట చెల్లాలా?"

"చెల్లాలి. మేం చెప్పేదీ అదే."

"అయితే నా మాట ఇది. మా ఇంట్లో ప్రార్థన ఆమె చేసిద్ది."

చెప్పి కూర్చున్నాడు. ఇప్పుడెవరూ నవ్వలేదు. పంతులుగారు చెడ్డవాడు కాదు, ఆ మాట చెప్పాలి. కానీ అప్పటికే పెదనాన్నకు మాట ఇచ్చేసినట్టున్నారు. మేం క్రమానికి లోబడి తప్పు ఒప్పుకునేదాకా అమ్మకూ నాన్నకూ సంస్కారం ఆపుతున్నామని చెప్పారు.

రెండేళ్లు ఆపారు. ఆ రెండేళ్లలో ఒక్క ఆదివారం కూడా మేం గుడి మానలేదు. అయ్యగారు వచ్చిన ఆదివారాల్లో అందరూ ముందుకు వెళ్లి మోకాళ్లూని రొట్టె అందుకుంటుంటే, మా అమ్మానాన్నలు తమ తమ చోట నిటారుగా కూర్చునేవాళ్లు. తల వంచుకునేవాళ్లు కాదు. మాచర్లలో ఇంకో సంఘంవాళ్లు మమ్మల్ని రమ్మన్నారు, అక్కడ ఇలాంటి పట్టింపులు లేవన్నారు. నాన్న ఒప్పుకోలేదు. "ఈ గు… గుడి కింద బండలన్నీ నేను పరిచినయ్యే. నేనెందుకు పో… పోవాలి?" అన్నాడు. నిజమే. ఆ బండలు ఆయన తీసి, చెక్కి, పరిచినవే.

నాకు మాత్రం ఆ ఆదివారాలు నిప్పుల మీద కూర్చున్నట్టుండేవి. తోటిపిల్లలు నాన్నను వెక్కిరిస్తూ "ఇం… ఇం…" అనేవాళ్లు. ఒకదాని జుట్టు పట్టుకుని కొట్టాను కూడా. అమ్మ నన్ను తిట్టింది. వాళ్లింటికి తీసుకెళ్లి ఆ పిల్లకు తప్పయిందని చెప్పించింది. నేను మొహం గంటుపెట్టుకునే చెప్పాను.

మెల్లగా ఇంకోటి జరిగింది. సాయంత్రాలు మా ప్రార్థన వేళకు పేటలో ఆడవాళ్లు ఒకరిద్దరు వచ్చి మా అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టారు. అడిగితే ఊరికే వచ్చామనేవాళ్లు. అమ్మ వాళ్ల పేర్లు కూడా ప్రార్థనలో చెప్పేది. ఎవరి కూతురికి నొప్పులో, ఎవరి మొగుడు తాగొచ్చి కొట్టాడో, అన్నీ చెప్పేది. మా పెద్దమ్మ, అంటే పెదనాన్న భార్య, మొదట్లో నిప్పు కోసమని వచ్చేది. ఒకరోజు పెదనాన్నే ఆమెను వెతుక్కుంటూ వచ్చి వీధిలో నిలబడి కేకేశాడు. "ఏమే! రా ఇంటికి!" పెద్దమ్మ లేవలేదు. "ఆమెనన్నాక వస్తా" అంది లోపలి నుంచి.

రెండేళ్లకు పంతులుగారికి వెల్దుర్తి వైపు బదిలీ అయింది. మాచర్ల అయ్యగారు కూడా మారారు. కొత్తగా వచ్చిన అయ్యగారు ముసలాయన. మొదటిసారి సంస్కారం ఇస్తూ, కూర్చుని ఉన్న మా అమ్మానాన్నలను చూసి, వీళ్లెందుకు రాలేదని అడిగారు. ఆరాధన కానివ్వండి, చెబుతామన్నారు సంఘ పెద్దలు. ఆరాధన అయ్యాక విషయమంతా విన్నారు. విని, "అంటే ఈ ఇంట్లో రోజూ ప్రార్థన జరుగుతోంది, అదేగా నేరం?" అన్నారు. "వచ్చే నెల వీళ్లకు సంస్కారం ఇస్తాను. పుస్తకంలో రాయండి" అన్నారు.

మరుసటి నెల గుడి పుస్తకం తెరిచి, నాన్నను వేలిముద్ర వెయ్యమన్నారు. నాన్న బొటనవేలికి సిరా పూశారు. వెయ్యబోతూ ఆగి, అమ్మను పిలిచాడు. "ఏం రా… రాసుందో చదువు."

అమ్మ వంగి చదివింది. ఆమె మొహం మారింది. "తప్పు ఒప్పుకుని పశ్చాత్తాపపడినందున తిరిగి చేర్చుకోవడమైనది అని ఉంది" అంది. ఆ రాత పెదనాన్నది.

నాన్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. సిరా వేలును పంచెకు తుడిచేసుకున్నాడు. మంచి పంచె అది, ఆ రోజు కోసమని అమ్మ ఉతికి మడత పెట్టింది.

"మేం ఒ… ఒప్పుకోలేదు" అన్నాడు.

"ఒరేయ్, మాట వరసకు రాసిందిరా. ముద్ర వేసి పో" అన్నాడు పెదనాన్న.

"తప్పు చేస్తే నా కూ… కూతురికే ఒప్పుకున్నా. చెయ్యంది ఒప్పుకోను. కొ… కొట్టెయ్యండి."

"కొట్టెయ్యకపోతే?" అన్నాడు పెదనాన్న.

"ఇంకో రెం… రెండేళ్లు కూర్చుంటాం. కూర్చోవడం అ… అలవాటే."

అయ్యగారు పుస్తకం తన వైపు తిప్పుకున్నారు. కళ్లజోడు పెట్టుకుని ఆ వాక్యం రెండుసార్లు చదివారు. కలం తీసుకుని అడ్డంగా ఒక గీత గీశారు. పైన "చేర్చుకోవడమైనది" అని మాత్రం రాసి సంతకం చేశారు. నాన్న మళ్లీ సిరా పూయించుకుని వేలిముద్ర వేశాడు. అమ్మ సంతకం చేసింది. ఆ ఉదయం వాళ్లిద్దరూ మోకాళ్లూని రొట్టె తీసుకుంటుంటే పెదనాన్న లేచి బయటికి వెళ్లిపోయాడు.

ఆయన మళ్లీ మా గడప తొక్కలేదు. దారిలో ఎదురైతే నాన్న "అన్నా" అని పలకరించేవాడు, ఆయన పక్కకు తిరిగేవాడు. నాన్న పలకరించడం మానలేదు, ఆయన తిరగడం మానలేదు. నాలుగేళ్ల తర్వాత, నేను నరసరావుపేటలో టీచర్ ట్రైనింగులో ఉండగా, పెదనాన్న పోయాడని కబురొస్తే వెళ్లాను. నేను చేరేసరికి మధ్యాహ్నమైంది, శవం వాకిట్లో ఉంది. అప్పటి పంతులుగారు రాజుపాలెం వెళ్లారు, వచ్చేసరికి పొద్దుపోతుంది. అప్పటిదాకా ఎవరు ప్రార్థన నడిపించాలన్నది సంఘ పెద్దలు తేల్చుకోలేకపోతున్నారు. ఒకాయన పెద్దరికంగా ముందుకు రాబోయాడు.

పెద్దమ్మ తల ఎత్తింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. మా అమ్మను చూపించి, "ఆమెను రమ్మనండి" అంది.

"ఆడామె చేత… ఇంతమంది మగవాళ్లం ఉండి…" అని నసిగాడాయన.

"నా ఇంట్లో నా మొగుడి కోసం ఎవరు ప్రార్థన చెయ్యాలో నేను చెబుతా. నువ్వు పక్కకు జరుగు."

ఆయన జరిగాడు. అమ్మ వెళ్లి పెదనాన్న తల దగ్గర కూర్చుంది. నాన్న కాళ్ల దగ్గర కూర్చుని పాట ఎత్తుకున్నాడు. సగంలో ఆగిపోయాడు. వాకిలంతా నిండిన జనంలో ఒక్కరు కూడా ఆ చరణం అందుకోలేదు. ఆయన ముక్కు తుడుచుకుని, దగ్గి, మళ్లీ మొదటి నుంచి పాడాడు. అప్పుడు అమ్మ కళ్లు మూసుకుని, పెదనాన్న జీవితంలో చేసిన మంచిపనులు ఒక్కొక్కటీ చెప్పడం మొదలుపెట్టింది. మేం అనుకున్నదానికంటే చాలా ఉన్నాయి.